సోమల మీద ఇంటర్నెట్టు వాన

కంప్యూటర్ ఉన్న గదిలోకి చెప్పులు బయట విడిచి వెళ్ళే కాలం ఒకటుండేది. దుమ్ము పడితే మిషన్లు పాడవుతాయని యజమానులు చెప్పేవారు గానీ, విడిచేవాళ్ళ ముఖాలు చూస్తే దుమ్ము భయం కంటే భక్తే ఎక్కువ కనబడేది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మదనపల్లెలో అలాంటి ఒక నెట్ సెంటర్‌కు నేను పూజారిని. అంటే, డిగ్రీ అయిపోయి, ఆపైన ఆరు నెలల కంప్యూటర్ కోర్సు కూడా అయిపోయి, వచ్చినవాళ్ళకు ఈమెయిలు తెరిచిపెట్టి, వాళ్ళు పాస్‌వర్డు కొట్టేటప్పుడు మర్యాదగా ముఖం పక్కకు తిప్పుకునే ఉద్యోగం. (తిప్పుకున్నా అందరి పాస్‌వర్డులూ నాకు తెలుసు. సగంమందికి కొట్టిపెట్టేది నేనే.) వయసు ఇరవై ఒకటి. ప్రపంచం మొత్తం నా చేతికింద నాలుగు కంప్యూటర్లలో ఉందనీ, దానికి మాటిమాటికీ లైను కట్టవడం తప్ప వేరే ఏ లోపమూ లేదనీ నా గట్టి నమ్మకం.

ఆ నమ్మకానికి కారణం ఉంది. మా వైపు పేపరును ఎవరూ అలా గుడ్డిగా నమ్మేవారు కాదు. టీ అంగడి దగ్గర పేపరు చదివేవాడు వార్త చదవడానికి ముందు అది ఏ పార్టీ పేపరో చూసేవాడు, చదివాక ఆ లెక్కన సగమో పావో తీసేసుకునేవాడు. కంప్యూటర్‌కు పార్టీ లేదు, కులం లేదు, మన తాలూకా కాదు, అది మనకు అబద్ధం చెప్పి ఏం బాగుపడుతుంది? కాబట్టి తెర మీద కనబడిందల్లా నిజమే. ఈ సంగతి ఊరందరికీ తెలియజేయాలని నెట్ సెంటర్ బయట ఒక నల్ల బోర్డు వేలాడదీసి, రోజూ పొద్దున్నే సుద్దముక్కతో ‘నేటి ఇంటర్నెట్టు వార్త’ అని రాసేవాడిని. బస్టాండుకు వెళ్ళేవాళ్ళు ఆగి చదివేవాళ్ళు. సముద్రంలో దొరికిన రెండు తలల చేప గురించి రాసిన రోజు రోడ్డుకు అడ్డంగా జనం నిలబడ్డారు. నేను లోపల కుర్చీలో కూర్చుని, ఆ చేపను నేనే పట్టినంత గంభీరంగా ఉన్నాను.

మా ఊరు సోమల దగ్గర ఒక పల్లె. అప్పట్లో ఇంట్లో పెద్ద తగవు నడుస్తుండేది. వరసగా రెండేళ్ళు టమాటా దెబ్బతినడంతో, అమ్మ పట్టుబట్టి అరెకరంలో మల్బరీ పెట్టించి, పట్టుపురుగులు మేపుతానని కూర్చుంది. “పురుగుల్ని తోలేసేదానికి మందు కొట్టినోళ్ళం, ఇప్పుడు పురుగులకే సాకిరీ చేయాల్నా?” అని నాయన. చివరికి ఒప్పందం ఏమిటంటే, ఒక్క పంట చూస్తారు. పట్టుగూళ్ళు బాగా వస్తే సరే, పురుగులు చస్తే మరుసటి వారమే మల్బరీ పెరికేసి మళ్ళీ టమాటా. ఆ మొదటి పంట పురుగులు నాలుగో జ్వరం లేచి ఉన్నాయి. (పురుగు మేత ఆపి పడుకుని కుబుసం విడిచే దాన్ని మా వైపు జ్వరం అంటారు. నాలుగోది లేచిందంటే ఇక వారం రోజులు తిండే తిండి, ఒక్క పూట ఆకు తప్పినా తట్టుకోదు.) అమ్మ నెల రోజులుగా ఆకువక్క మానేసింది, పురుగులకు ఘాటు పడదని. తలకు నూనె కూడా పెట్టుకోలేదు.

ఇదీ పరిస్థితి. ఒకరోజు పొద్దున్నే నెట్ సెంటర్ తెరిచి మెయిలు చూస్తే, కుప్పంలో ఉండే మా క్లాసుమేటు పొట్టోడి దగ్గర నుంచి ఒకటి వచ్చి ఉంది. మొత్తం ఎర్ర అక్షరాలు, పైన గిరగిరా తిరిగే భూగోళం బొమ్మ. ఎక్కడో పెద్ద కెమికల్ ఫ్యాక్టరీలో ట్యాంకు పేలిందట, ఆ ఆవిరి మబ్బుల్లో కలిసిందట, నిన్నటి నుంచి మూడు రోజులు పడే వాన వాన కాదట, యాసిడ్ అట. ఒంటి మీద పడితే బొబ్బలు. ఆ నీళ్ళు పడిన ఆకులు, కూరలు వారం రోజులు మనుషులు గానీ పశువులు గానీ తాకకూడదు. కింద ఒక శాస్త్రవేత్త పేరు, పేరు కంటే పొడుగ్గా ఆయన డిగ్రీలు. ఇంతవరకూ నేను తొణకలేదు. ఆ తర్వాత ప్రమాదం ఉన్న ఊర్ల జాబితా ఉంది. కుప్పం, రామకుప్పం, బైరెడ్డిపల్లె, పుంగనూరు, సోమల.

సోమల. నేను కుర్చీలో నిటారుగా అయ్యాను. మా సోమల పేరు నేను బస్సు బోర్డు మీద తప్ప అచ్చులో చూసిందే తక్కువ. అలాంటిది ఇంగ్లీషులో, ఒక శాస్త్రవేత్త పేరు కింద. ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, భయం కంటే ముందు నాకు కలిగింది గర్వం. మా ఊరు కంప్యూటర్‌కు తెలుసు. ఆ గర్వం ఒక్క నిమిషం ఉండి దిగిపోయింది, దాని వెనకే భయం వచ్చి కూర్చుంది. నిన్న సాయంత్రం మదనపల్లె నుంచి చూస్తే సోమల దిక్కున మబ్బు కమ్మి ఉండడం నాకు గుర్తొచ్చింది.

వెంటనే ప్రింటు తీశాను. నెట్ సెంటర్ యజమాని భాయ్ అప్పుడే వచ్చి గల్లాపెట్టె ముందు ఊదుబత్తి వెలిగిస్తున్నాడు. అంతకుముందు పదేళ్ళు సైకిళ్ళు బాగుచేసిన మనిషి, ఏ వస్తువునైనా తిరగేసి అడుగున చూసే అలవాటు ఉన్నవాడు. కాగితాన్ని కూడా తిరగేసి చూశాడు.

“ఎవురు రాసినారప్పా ఇది?” అన్నాడు.

“ఎవురో రాసింది కాదు భాయ్. కంప్యూటర్లో వచ్చిండాది.”

“అరె, కంప్యూటర్‌కు రాసేది వస్తే నీకు జీతం యాల ఇస్తాండాను నేను?”

ఆ రోజు ఆ ప్రశ్న నాకు చదువురాని ప్రశ్నలాగా కనిపించింది. జాలిగా చూసి, బోర్డు మీద పెద్ద అక్షరాలతో యాసిడ్ వాన వార్త రాసి, ఎదురుగా ఉన్న ఎస్టీడీ ఫోన్ బూతులోకి పరుగెత్తాను. మా పల్లెలో కూడా ఒక బూతు ఉండేది. దానికి ఫోన్ చేసి, నాయనను పిలవమని చెప్పి, పది నిమిషాలాగి మళ్ళీ చేయాలి. ఆ పది నిమిషాలూ గోడ గడియారం చూస్తూ గోళ్ళు కొరికాను.

“నాయనా, నిన్న ఆడ వాన పడినాదా?”

“పడిండాది. మంచి జల్లు. యాల?”

నేను కాగితం చూసి గడగడా చదివి తెలుగులో చెప్పాను.

“పురుగులు నాలుగో జ్వరం లేసి ఉండాయి రా. ఆకు ఆపితే సచ్చిపోతాయి.”

“పెడితే కూడా సచ్చిపోతాయి నాయనా. మీరు కూడా ఆ ఆకు ముట్టుకోవద్దండి. మన సోమల పేరు కంప్యూటర్లో వచ్చిండాది.”

“సోమల అని ఉండాదా?”

“ఉండాది.”

“సరే అయితే,” అన్నాడు నాయన. మామూలుగా నేను చెప్పే ఏ మాటకైనా ఆయన నాలుగు అడ్డు ప్రశ్నలు వేస్తాడు. ఆ రోజు వేయలేదు. చదివించినందుకు ఒకసారైనా కొడుకు మాట వినాలని అనుకున్నాడో ఏమో. నేను చెప్పడం, వాళ్ళు వినడం అంతవరకు ఎప్పుడూ జరగలేదు. జరిగితే ఎలా ఉండాలో నాకు తెలియలేదు.

పని మీద చెయ్యి నిలవలేదు. పదకొండున్నరకు పుంగనూరు బస్సు ఎక్కాను. భాయ్ తన రెయిన్‌కోటు ఇచ్చాడు (“నమ్మి ఇస్తాండాననుకోవద్దు, తడుస్తావని ఇస్తాండా”). తలకు ఎరువుల ప్లాస్టిక్ సంచి ఒకటి చుట్టుకున్నాను. మండే ఎండలో రెయిన్‌కోటు, తల మీద యూరియా సంచి పెట్టుకుని బస్సెక్కిన నన్ను చూసి కండక్టరు టికెట్టు కొట్టకుండా కాసేపు ఆలోచించాడు.

పుంగనూరులో బస్సు మారి సోమల బస్సులో కూర్చున్నాక మబ్బు పట్టింది. నాలుగు కిలోమీటర్లు పోయామో లేదో చినుకులు మొదలు. నా ముందు సీటులో ఒక పెద్దామె హాయిగా కిటికీలోంచి చెయ్యి బయటకు పెట్టి, ఆ తడిని ముఖానికి రాసుకుంటోంది.

“అవ్వా, చెయ్యి లోపలికి తీసుకో. అది యాసిడ్,” అన్నాను.

“అంటే ఏంది నాయనా?”

“బ్యాటరీలో పోస్తారే, అది. వానలో కలిసిపోయిండాది. కంప్యూటర్లో వచ్చింది.”

ఆమె చెయ్యి లోపలికి తీసుకుని, కొంగుతో మూడుసార్లు తుడుచుకుని, నా వైపు కాకుండా కంప్యూటర్ ఉన్న దిక్కు ఎటో అన్నట్టు చుట్టూ చూసింది. రెండు నిమిషాల్లో బస్సంతా తెలిసిపోయింది. కిటికీ షట్టర్లు ఒక్కటొక్కటే ధడేలు ధడేలుమని దిగిపోయాయి. యాభైమంది మనుషులు, నాలుగు కోళ్ళు, ఒక పనసపండు, గాలి ఆడని బస్సు. మధ్యలో దిగాల్సినవాళ్ళు దిగకుండా “వాన నిలిచినాంక దిగుతాం” అని కూర్చున్నారు. ఎక్కాల్సినవాళ్ళు తడుస్తూ నిలబడి తలుపు కొడుతుంటే, లోపలివాళ్ళు వాళ్ళను జాలిగా చూశారు. పైన రేకు చిల్లులోంచి ఒక చుక్క, ఉక్కకు కోటు చెయ్యి పైకి మడిచిన నా ముంజేతి మీద పడింది. నిజం చెప్తున్నాను, మండింది. చూస్తుండగానే అక్కడ ఎర్రగా అయింది. (దాన్ని అరగంట పాటు సంచి కొసతో రుద్దుతూ కూర్చున్నది నేనే అన్న సంగతి ఆ రోజు నా లెక్కలోకి రాలేదు.)

మా పల్లె దగ్గర దిగేసరికి మూడున్నర దాటింది. వీధిలో పిల్లలు లేరు. ఎప్పుడూ బయట కట్టేసే ఎద్దులు కొట్టాల్లో ఉన్నాయి. మా చిన్నమ్మ నీళ్ళ తొట్టి మీద దుప్పటి కప్పి, దాని మీద రాళ్ళు పెట్టి, కాపలాగా కూర్చుని ఉంది. అంటే నాయన ఒక్క ఇల్లు కూడా వదలకుండా చెప్పాడన్నమాట. “మా వోడు కంప్యూటర్లో సూసి సెప్పినాడు” అని ఆయన గడపగడపకూ తిరిగి ఉండడం నా కళ్ళకు కట్టింది. వాన మా ఊరి మీద అప్పటికే పడి వెలిసింది. అందరూ నన్నే చూస్తున్నారు. ఆ చూపుల్లో కోపం ఉంటే బాగుండేది. మర్యాద ఉంది.

నాయన పురుగుల ఇంటి మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. నేను బ్లీచింగు నీళ్ళలో కాళ్ళు ముంచి లోపలికి వెళ్ళాను. (ప్రపంచం మునిగిపోతున్నా కాళ్ళు ముంచకుండా ఆ గడప దాటకూడదని అమ్మ రూలు.) పట్టుపురుగులు మేపే ఇల్లు ఎవరైనా చూసి ఉంటే తెలుస్తుంది, ఆఖరి వారంలో అక్కడ ఒక చప్పుడు ఉంటుంది. వేల పురుగులు ఒక్కసారి ఆకు కొరికే చప్పుడు, బయట సన్నగా వాన పడుతున్నట్టు వినిపిస్తుంది. నేను వెళ్ళినప్పుడు ఆ చప్పుడు లేదు. తట్టల్లో ఆకు ఈనెలు మాత్రం ఎండిపోయి ఉన్నాయి. వాటి మీద పురుగులు ముందు భాగం పైకెత్తి, గాల్లో అటూ ఇటూ ఆడిస్తూ వెతుకుతున్నాయి. అన్ని తట్టల్లోనూ అన్నీ అలాగే. భాయ్ అడిగిన మాట అప్పుడు గుర్తొచ్చింది. ఎవరు రాశారు? నిజంగా ఎవరు రాశారో నాకు తెలియదు. తెలియని మనిషి మాట పట్టుకుని ఇన్ని నోళ్ళు ఎండగట్టాను.

“నాయనా, అమ్మ యాడుంది?”

“తోటలోకి పోయింది. నేను వద్దంటే వినలా. మధ్యానం సంగటి పెడితే కూడా తినలా.”

తోటలోకి పరుగెత్తాను. అమ్మ గోనెసంచి నెత్తిన కప్పుకుని, తడిసిన చెట్ల మధ్య వంగి కొమ్మలు కోస్తోంది. మోచేతుల దాకా నీళ్ళు కారుతున్నాయి.

“అమ్మా, ముట్టుకోవద్దంటిని గదా,” అన్నాను.

“వచ్చినావా. ఆ కొడవలి తీసుకో,” అంది అమ్మ తల ఎత్తకుండా. “ఏమీ కాదులే ఆకుకు. నేను తినిండా.”

“ఏంది తినింది?”

“ఆకే. నువ్వు ఫోన్ సేసినావని మీ నాయన సెప్పిన్నాంక వచ్చి ఒక పిడికెడు నమిలి మింగినా. నిన్నటి వాన పడిన ఆకే. అప్పుడు పదకొండు గంటలు. ఇప్పుడు నాలుగు అయితాంది. నోరు మండలా, కడుపు నొయ్యలా.”

ఆమె ఇంకో కొమ్మ కోసి పక్కన వేసింది.

“సంగటి యాల తినలేదు మరి?”

“సంగటి కూడా తింటే, ఏమన్నా అయినప్పుడు ఆకుతో అయిందో సంగటితో అయిందో ఎట్ల తెలుస్తాది?” అంది అమ్మ, ఇంత చిన్న సంగతి కూడా తెలియదా అన్నట్టు. “నాకేమన్నా అయితే పురుగులకు పెట్టొద్దని మీ చిన్నమ్మకు సెప్పే వచ్చినా.”

అమ్మ బడి మెట్లెక్కలేదు. కంప్యూటర్ చూడలేదు. బీఎస్సీ చదివి, ల్యాబులో రెండేళ్ళు పరీక్ష నాళికలు కడిగిన నాకు తట్టనిది ఆమెకు తట్టింది. కానీ అప్పుడు నాకు ఇదేదీ గుర్తుకు రాలేదు. పదకొండు నుంచి నాలుగు దాకా ఒక్కతే, ఏమవుతుందో అని ఎదురుచూస్తూ కూర్చున్న మనిషి మాత్రమే కనబడింది. ఆ ఐదు గంటల్లో నేను బస్సులో తల మీద సంచి పెట్టుకుని నా ముంజేతిని చూసుకుంటూ ఉన్నాను. ఏడుపు ఆపుకుంటూ పక్కనున్న చెట్టు నుంచి రెండు ఆకులు తెంపి నేనూ నమిలాను. పచ్చి గడ్డి రుచి. “నువ్వు యాల తింటాండావు, నేను తిని సూసినా గదా, ఆకు దండగ,” అని అమ్మ కసిరింది.

ఆపైన తడి సంగతి ఒకటి ఉంది. యాసిడ్ లేకపోయినా తడి ఆకు పెడితే పురుగుకు రోగం వస్తుంది. అందుకని నాయన, నేను, చిన్నమ్మ, వీధిలో ఇంకో నలుగురు, పాత పంచెలూ చీరలూ తీసుకుని వసారాలో కూర్చుని ఆకులు తుడిచాం. ఒక్కొక్క ఆకు, ముందూ వెనకా. చిన్నమ్మ తుడుస్తూ, “ఏమప్పా, రేపు కంప్యూటర్లో ఏమొస్తాదో ఇప్పుడే సెప్పు, తొట్లన్నీ మళ్ళీ కప్పల్ల,” అంది. అందరూ నవ్వారు. నాయన నవ్వలేదు. ఆయన నాకంటే ఎక్కువ సిగ్గుపడుతున్నాడని నాకు తెలిసింది. అమ్మ మొదటి తట్టలో ఆకు పరిచింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత ఒక మూల నుంచి ఆ సన్నటి చప్పుడు మొదలై, తట్ట తట్టకూ పాకింది. అమ్మ ఒక పక్కన గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుని వింటూ నిలబడింది. కొన్ని పురుగులు చచ్చాయి. చాలా మటుకు బతికాయి, మల్బరీ పెరికే మాట నాయన మళ్ళీ ఎత్తలేదు.

మరుసటి రోజు మదనపల్లె చేరి, మొదట కుప్పానికి ఫోను చేసి పొట్టోణ్ణి పట్టుకున్నాను. ఆ మెయిలు వాడికి ఎక్కడినుంచి వచ్చిందని అడిగితే, ఎవరో పంపారన్నాడు. శాస్త్రవేత్త ఎవరని అడిగితే తెలియదన్నాడు. మన ఊర్ల పేర్లు ఆ శాస్త్రవేత్తకు ఎలా తెలిశాయిరా అని అడిగితే మాత్రం ఎంతో ఉత్సాహంగా చెప్పాడు.

“అవి నేనే రాసినా. అందులో ఏవో నోరు తిరగని ఊర్లు ఉండె. మనోళ్ళకు అర్థం కాదు గదా అని అవి తీసేసి మన పేర్లు పెట్టినా. మీ అమ్మ పురుగులు మేపతాందని సెప్పినావు గదా, అందుకే నీకోసరం సోమల కూడా సేర్చినా.”

తిట్టకుండానే ఫోను పెట్టేశాను. నా మీద ప్రేమతో చేర్చిన పేరు అది. బయటికి వెళ్ళి బోర్డు మీద వార్త తుడిచేశాను. ‘నిన్నటి వార్త తప్పు’ అని రాద్దామని సుద్దముక్క పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. చివరికి చిన్న అక్షరాలతో రాశాను. ఆగి చదివింది ఇద్దరు.

పురుగులు పండి గూడు కట్టడానికి సిద్ధమైన రోజు మళ్ళీ ఊరికి వెళ్ళాను. అమ్మ పండిన పురుగుల్ని ఏరి, గూళ్ళు కట్టుకునే వెదురు చట్రాల, చంద్రికల, మీదికి వదులుతోంది. పక్కన కూర్చుని, మనసులో తొలుస్తున్న మాట అడిగేశాను.

“ఆ పొద్దు నా మాట నువ్వు నమ్మలేదు గదమ్మా?”

“ఎవురన్నారు?” అంది అమ్మ. పండిన పురుగొకటి ఆమె వేళ్ళ మధ్య పసుపుగా మెరుస్తోంది. “నమ్మినా కాబట్టే గదరా నేను తినింది. నమ్మకుంటే నేరుగా పురుగులకే పెట్టుందును.”

ఇరవై ఏళ్ళు దాటిపోయాయి. ఎరువుల సంచి చుట్టుకుని బస్సులో చెమటలు కక్కిన ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, వాణ్ణి పిలిచి ఒక టీ తాగించి పంపాలనిపిస్తుంది. ఈ కాలపు పిల్లలు తెలివైనవాళ్ళు, అన్నిటినీ అనుమానిస్తారు, మా ఇంట్లోవాళ్ళు ముఖ్యంగా నా మాటను. నాకది పెద్ద బాధగా ఉండదు. ఎవరైనా ‘నువ్వు చెప్తే చాలు, నమ్ముతాను’ అంటే మాత్రం ఇప్పటికీ నాకు భయమేస్తుంది. ఒక నిమిషం ఆగమని చెప్పి, కళ్ళద్దాలు తెచ్చుకుని, నేను చెప్పినదాన్ని మొదటి నుంచి మళ్ళీ చదువుతాను.